ఉక్కుపిడికిలి కుడిచెయ్యి

మా బాబాయి ఉద్యోగం దెబ్బలు తినడం. ఎవరైనా అడిగితే పిన్ని "కార్టూన్ల ఆఫీసులో చేస్తారు" అని ఊరుకునేది. అక్కడేం చేస్తారని ఇంకా గుచ్చి అడిగితే "పడతారు" అనేది.

అంతకుముందు ఆయన మాంసం కొట్టులో పనిచేసేవాడు. ఒకరోజు చర్మం ఒలిచిన గొర్రెని భుజాన వేసుకుని వస్తూ, అప్పుడే కడిగిన గచ్చు మీద జారాడు. గాల్లోనే ఒక మెలిక తిరిగి, గొర్రెకి నేల తగలకుండా, తను మాత్రం వీపు మీద దబ్బున పడ్డాడు. మాంసం కోసం నిలబడ్డ ఒక కళ్ళజోడాయన ముందుకొచ్చి, "మీరు మళ్ళీ ఒకసారి పడతారా?" అని అడిగాడు. బాబాయి ఆయన్ని తన్నడానికే లేచాడట. ఆ కళ్ళజోడాయన కార్టూన్లు తీసే డైరెక్టరు గారు. మర్నాటి నుంచి బాబాయి ఆయన దగ్గరే.

అప్పట్లో టీవీలో 'నీలిపిడుగు' అని ఒక సీరియల్ మొదలవబోతోంది. నీలం ముసుగు వేసుకుని ఊరిని కాపాడే హీరో నీలిపిడుగు. ఊరిని కూలగొట్టే విలను ఉక్కుపిడికిలి. వాడి బలమంతా కుడిచేతికి తొడుక్కున్న ఇనప తొడుగులో ఉంటుంది. బొమ్మలైనా సరే, ఉత్తుత్తి దెబ్బలు పిల్లలకి తెలిసిపోతాయని డైరెక్టరు గారి నమ్మకం. అందుకని ముందు ఒక షెడ్డులో పరుపులు పరిచి, ఇద్దరు మనుషుల చేత పోట్లాడించి ఫిల్ము తీసేవాళ్ళు. ఆ ఫిల్ములోని ఒక్కో బొమ్మనీ కాగితం మీద అచ్చు వేసి మాకిచ్చేవాళ్ళు. కింద లైటు వెలిగే గాజు బల్ల మీద దాన్ని పెట్టి, పైన పల్చటి కాగితం పరిచి, పెన్సిలుతో గీతలు లాగడం మా పని. ఆరుగురు ఆడపిల్లలం. ఒక గుద్దంటే పన్నెండు కాగితాలు. మనిషి పడాలంటే నలభై.

నాన్న పోయాక నేను బాబాయి ఇంట్లోనే పెరిగాను. తొమ్మిదో తరగతితో బడి మానేశాను. చదువు అబ్బకపోయినా గీత తిన్నగా వచ్చేది. అది చూసి బాబాయే నన్ను ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

ఉక్కుపిడికిలికి ఒళ్ళు మా బాబాయిది. నీలిపిడుగు ఒళ్ళు డైరెక్టరు గారి బావమరిదిది. అందరూ అతన్ని బావమరిది గారనే పిలిచేవాళ్ళు. ఆఫీసంతటికీ ఒకే బావమరిది. పొద్దున్నే కసరత్తు చేసి, చొక్కా గుండీలు రెండు వదిలేసి వచ్చేవాడు. నాకు నోట్లో నాలుక లేదని అతనికి భలే సరదా. "ఏం మాటలమ్మా, గొంతు నొప్పెట్టిందా ఇవాళ?" అనేవాడు.

గుద్దు ముఖానికి బెత్తెడు దూరంలో ఆగాలని నియమం. మొదటి రోజు ఆగింది. రెండో రోజు బాబాయి పెదవి చిట్లింది. "చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది" అన్నాడు బావమరిది. డైరెక్టరు గారు ఫిల్ము వేసి చూసుకుని, "ఇదీ దెబ్బంటే" అన్నారు. ఆ మాటతో నియమం చచ్చిపోయింది. పరుపు మీద కాలు పెట్టిన దగ్గర్నుంచి దిగేదాకా కెమెరా ఆపొద్దని కూడా చెప్పారు. అనుకోకుండా తగిలే దెబ్బలు అందంగా ఉంటాయట.

తర్వాత రోజూ ఏదో ఒకటి. ముక్కులోంచి కారిన నెత్తురు పరుపు మీద ఎండి నల్లబడేది. ఒకసారి నాలుక కొరుక్కుని నాలుగు రోజులు చల్లార్చిన గంజే తాగాడు. ఒకసారి నా బల్ల దగ్గరికొచ్చి అరచెయ్యి తెరిచాడు. దవడ పన్ను, వేరుతో సహా. "దాచిపెట్టు అమ్మడూ, మీ పిన్ని చూస్తే నా మిగతావి కూడా రాలగొడుతుంది" అన్నాడు.

సీరియల్ పిల్లలకి పిచ్చిపిచ్చిగా నచ్చింది. హీరో కంటే విలనే ఎక్కువ నచ్చాడు. ఆ ఒళ్ళు ఎవరిదో ఎలాగో తెలుసుకుని, వీధిలో పిల్లలు "ఉక్కుపిడికిలి మామా" అని బాబాయి వెంటపడేవాళ్ళు. ఆయన కుడిచేతికి ఇద్దర్ని వేలాడదీసుకుని గుమ్మం దాకా వచ్చేవాడు. ఆఫీసుకొచ్చే ఉత్తరాల్లో కూడా ఉక్కుపిడికిలి బొమ్మలే. ఒకరోజు డైరెక్టరు గారు అందరి ముందూ, "మా బావమరిది ముసుగు వేసుకుని మంచి పని చేశాడు, ఎలాగూ ఎవరూ చూడట్లేదు" అన్నారు. అందరితో పాటు బావమరిదీ నవ్వాడు. నేను అతని చేతుల వంక చూశాను. వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి.

పద్నాలుగో ఎపిసోడ్లో హీరో విలన్ని ఎత్తి బల్ల అవతలికి విసరాలి. ఆ రోజు బావమరిది బాబాయి నడుం పట్టుకోవలసింది, కుడి మణికట్టు పట్టుకున్నాడు. మనిషిని గాల్లోకి లేపాక కూడా వదల్లేదు. ఒళ్ళు బల్ల అవతలికి పోయింది, చెయ్యి ఇవతల ఉండిపోయింది. పచ్చి కొమ్మ విరిచినట్టు ఒక చప్పుడు. బాబాయి అరవలేదు. నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. భుజం ఉండాల్సిన చోట గుంట, చంక దగ్గర ముద్ద. డైరెక్టరు గారు కెమెరా పట్టుకున్నాయన వైపు తిరిగి, "ముఖం వచ్చిందా?" అన్నారు.

ఎముకల డాక్టరు కీలు కూర్చోబెట్టి ఒకే మాట చెప్పాడు. "ఇంకోసారి తప్పితే ఇది మళ్ళీ కూర్చోదు. చెయ్యి వేలాడుతుంది."

కుడిచెయ్యి పోతే బాబాయి ఇటు విలన్ కాడు, అటు కొట్టులో కత్తీ పట్టలేడు. ఆయనకి తెలిసిన రెండు పనులూ ఆ చేతివే. మూడో వారానికే పరుపు మీదికి వెళ్ళాడు. బెణికిందంతే అని అందరికీ చెప్పాడు.

గాజు బల్ల దగ్గర మాత్రం దాగదు కదా. నా ముందున్న కాగితాల్లో ఉక్కుపిడికిలి పిడికిలి గుండె దాటి పైకి లేవట్లేదు. పన్నెండు కాగితాలూ తిరగేశాను. మోచెయ్యి వణికి, అక్కడే ఆగిపోతోంది. సాయంత్రం ఇంటికి నడుస్తూ అడిగాను.

"కనబడిపోతోందా?" అన్నాడు.

"నాకు కనబడుతోంది."

"అయితే నువ్వే కాస్త పైకి లేపు అమ్మడూ. పెన్సిలేగా, నీ సొమ్మేం పోతుంది."

లేపాను. అద్దం ముందు నిలబడి నా చెయ్యి ఎత్తి చూసుకుని, భుజం ఎక్కడ ముడతపడుతుందో, మెడ ఎటు ఒరుగుతుందో నేర్చుకుని మరీ లేపాను. కాగితం మీద ఉక్కుపిడికిలి ఇదివరకటి కంటే ఎత్తుగా చెయ్యి ఎత్తి గోడలు పగలగొట్టాడు.

ఇంకొకటి కూడా అప్పుడే చూశాను. ఒకరోజు ఆ వారం గీసిన కాగితాలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి లైటు వేశాను. హీరో పిడికిలి ఎక్కడెక్కడినుంచో బయల్దేరుతోంది. వచ్చి ఆగేది మాత్రం ఒక్కచోటే. కుడిభుజం కీలు దగ్గర గీతలన్నీ కలిసి నల్లటి మచ్చలా ఉంది.

రాత్రి ఇంట్లో చెబితే, "తెలుసు" అన్నాడు బాబాయి. పిన్ని వేడి ఉప్పు మూటతో ఆయన భుజానికి కాపడం పెడుతోంది. మోచేతి దాకా కమిలి, వంకాయ రంగుకి తిరిగింది.

"గోరుచుట్టు మీద రోకటిపోటని, తెలిసి తెలిసీ అక్కడే కొట్టించుకోవడమేంటండీ? చెప్పొచ్చుగా డైరెక్టరు గారితో" అంది పిన్ని.

"ఏమని చెప్పను? దెబ్బలు తినే ఉద్యోగంలో దెబ్బలు తగులుతున్నాయనా?"

చివరి ఎపిసోడ్ దగ్గరకొచ్చింది. డైరెక్టరు గారు మా బల్ల దగ్గర ఆగి, నా కాగితాలు చూసి, "ఈమధ్య ఈ పిడికిలి భలే లేస్తోందే. దీన్ని వాడుకోవాలి" అన్నారు. మర్నాటికల్లా కథ మారింది. ఉక్కుపిడికిలి వంతెన అంచున కుడిచేత్తో వేలాడాలి. నీలిపిడుగు ఆ వేళ్ళని బూటుతో తొక్కాలి. షెడ్డులో రెండు నిలువుల ఎత్తున ఇనప గొట్టం బిగించారు, పక్కన అతను నిలబడటానికి చెక్క వంతెన. నేను లేపిన చెయ్యే బాబాయిని ఆ గొట్టం దాకా ఎక్కించింది.

"వద్దు బాబాయ్, మానేద్దాం" అన్నాను, ఫిల్ము తీసే రోజు పొద్దున.

"ఒక్క క్షణం పట్టుకుని వదిలేస్తాను. కింద పరుపులున్నాయి. దీంతో అయిపోతుంది, నోరు మూసుకో."

షెడ్డులో కెమెరా తిరగడం మొదలైంది. బాబాయి నిచ్చెన మీద నాలుగో మెట్టు ఎక్కాడు. నేను ఫిల్ము కాగితాన్నీ, నేను గీసినదాన్నీ జత చేసి పట్టుకుని డైరెక్టరు గారి పక్కన నిలబడ్డాను. పైనుంచి బాబాయి నన్ను చూసి వద్దన్నట్టు తల ఊపాడు. అయినా కాగితాలు ముందుకు చాపాను.

"ఆయన చెయ్యి లేవదండి. నేనే లేపాను."

డైరెక్టరు గారు కాగితాలు తీసుకుని కిటికీ వెలుతురుకి పెట్టి చూశారు. "ఎన్నాళ్ళ నుంచి?"

"పద్నాలుగో ఎపిసోడ్ నుంచండి."

"మాటలమ్మ నోరు తెరిచిందే" అన్నాడు బావమరిది వంతెన దిగి వస్తూ. "నాకు అప్పుడే తెలుసు బావా. లేకపోతే అక్కడే ఎందుకు కొడతాను? వేరేచోట కొడితే ఆ ముఖం పెడతాడా వీడు? నువ్వు మెచ్చుకున్న ముఖాలన్నీ నావే."

బాబాయి నిచ్చెన దిగాడు. తొందరేమీ లేదు. కుడిచెయ్యి ఒంటికి ఆనించుకుని, పరుపు అంచు దాకా నడిచి, ఎడంచేత్తో బావమరిది దవడ మీద కొట్టాడు. అతను పరుపు మీద కాదు, గచ్చు మీద పడ్డాడు. తల నేలకి తగిలిన చప్పుడు విన్నాను. అయినా లేచాడు. రెండు చేతులతో బాబాయి కుడి మణికట్టు దొరకబుచ్చుకుని, ఒళ్ళు బరువంతా వేసి కిందికి గుంజాడు. మళ్ళీ ఆ పచ్చికొమ్మ చప్పుడు. ఈసారి బాబాయి అరిచాడు. అరుస్తూనే అతని మీద మోకాలు వేసి కూర్చున్నాడు. ఎడం పిడికిలి లేచింది, దిగింది. మొద్దు మీద ఎముక కొట్టేటప్పుడు ఆయన ముఖం ఎలా ఉండేదో అలాగే ఉంది, కోపమేమీ లేదు. ముక్కు నలిగింది. పళ్ళు రాలాయి. అడ్డం పెట్టిన బావమరిది చేతులు పక్కకి పడిపోయాయి. డైరెక్టరు గారు ఆపండి ఆపండి అంటున్నారు గానీ అడుగు ముందుకు వెయ్యలేదు. "బాబాయ్, చాలు" అన్నాను. అప్పుడు లేచాడు. చెయ్యి తాడులా వేలాడుతోంది. దాన్ని అలాగే వదిలేసి తలుపు దాటి వెళ్ళిపోయాడు. నేను చెప్పుల్లేకుండానే వెనక పరిగెత్తాను.

డాక్టరు చెప్పినట్టే అయింది. కీలు మళ్ళీ కూర్చోలేదు. బాబాయి నాతో మాట్లాడలేదు. నేను చొక్కా గుండీలు పెట్టబోతే పిన్ని వైపు తిరిగేవాడు. ఎనిమిదో రోజున డైరెక్టరు గారు మా ఇంటికొచ్చారు, బాబాయి కోసం కాదు, నా కోసం. బావమరిది దవడకి తీగలు కట్టి ఆసుపత్రిలో పడుకోబెట్టారట. పోలీసుల దాకా వెళితే షెడ్డు సంగతంతా బయటికొస్తుందని ఆగారట. చివరి ఎపిసోడ్‌కి చేతిలో ఉన్నది ఆ రోజు ఆగకుండా తిరిగిన ఫిల్ము ఒక్కటే.

"హీరోయే గెలవాలి కదమ్మా" అన్నారు నసుగుతూ. "ముసుగు మీ బాబాయికి వేసి, ఇనప తొడుగు మావాడికి వేసి గీయగలవా?"

లోపలి గదిలోంచి బాబాయి గొంతు వినబడింది.

"గియ్యి. చెయ్యి మాత్రం లేపకు."

పదకొండు రోజులు గీశాను. ఒక్క గీత కూడా సవరించలేదు. టీవీలో వచ్చిన రోజు వీధి పిల్లలందరూ నీలిపిడుగు గెలిచాడని గంతులేశారు. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

ఇప్పుడు ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఫోన్లలో పాత ఎపిసోడ్లు ఆపి ఆపి చూస్తున్నారు. చివర్లో హీరో భుజాలు వెడల్పయ్యాయేంటని ఒకరు. ఎప్పుడూ కుడిచేత్తో కొట్టేవాడు ఎడంచేత్తో కొట్టాడేంటని ఇంకొకరు. అన్నాళ్ళూ దెబ్బలు తిన్న కుడిచెయ్యి వేలాడేసుకుని వెళ్ళాడు కాబట్టి గెలిచింది ఉక్కుపిడికిలేనట, చచ్చిన హీరో ముసుగు వేసుకుని ఇప్పటికీ ఊరిని ఏలుతున్నాడట. ఒకమ్మాయి ఇంకా వెనక్కి వెళ్ళింది. పద్నాలుగో ఎపిసోడ్ తర్వాత నీలిపిడుగు ప్రతిసారీ ఒకేచోట కొడుతున్నాడు, మంచివాడు అలా కొట్టడు, మొదట్నుంచీ వాడే విలన్ అని రాసింది. డైరెక్టరు గారిని ఎవరో అడిగితే, అదంతా ముందే అనుకుని పెట్టిందేనని చెప్పారు.

బాబాయి మళ్ళీ మాంసం కొట్టులోనే. ఎడంచేత్తో కొట్టడం నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. కుడిచేతిని ఎడంచేత్తో ఎత్తి మాంసం మీద బరువులా పెడతాడు. నేను పక్కన తూకం చూస్తాను. మొన్న పొద్దున కాలేజీ కుర్రాళ్ళు ఇద్దరొచ్చి, మాంసం కొట్టేలోపు ఆ సీరియల్ గురించి వాదులాడుకున్నారు.

"అంకుల్, మీరు చూసేవాళ్ళా నీలిపిడుగు?" అన్నాడు పొట్టివాడు.

"లేదు బాబూ. ఆ టైముకి డ్యూటీలో ఉండేవాణ్ణి."

"చివర్లో హీరో ఇలా వెళ్తాడు, చూడండి" అని వాడు కుడిచెయ్యి వేలాడేసి కొట్టు ముందు నాలుగడుగులు నడిచాడు. రెండోవాడు పగలబడి నవ్వాడు. బాబాయి నవ్వలేదు. కత్తి మొద్దుకి గుచ్చాడు.

"అలా ఊపకూడదు" అన్నాడు. "ఊగితే ప్రాణం పోతుంది. ఒళ్ళు అటు ఒంచి, చెయ్యి తొడకి తగులుతూ ఉండేలా నడవాలి. అడుగు చిన్నది వెయ్యి."

వాడు మళ్ళీ నడిచాడు. బాబాయి ఇంకొంచెం ఒంగమన్నాడు.