రెండు తలుపుల కారు, మా అవ్వ

మా నాయన ఫోన్లో ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో ఉన్నవాళ్లందరిదీ ఒకే కంపెనీ కారు, ఒకే పిచ్చి. చాలామంది బెంగళూరు వాళ్లే. హిందూపురం నుంచి మాత్రం నాయన ఒక్కడే. ఆ సంగతి ఆయన మర్చిపోడు, మమ్మల్ని మర్చిపోనివ్వడు.

ఒకరోజు ఆ గ్రూపులో పెద్ద రభస మొదలైంది. ఆ కంపెనీ ఒకప్పుడు ఈ రెండు తలుపుల స్పోర్ట్స్ కారునే కొంచెం పొడుగు బాడీతో, నాలుగు తలుపులతో, వెనక సామాన్లకు చోటుతో కూడా తయారు చేసేదట. తర్వాత ఆపేసింది. మళ్లీ తెస్తారేమోనని ఎక్కడో వార్త వచ్చింది. "తేవాలా, వద్దా? ఓటెయ్యండి" అన్నాడు గ్రూపు నడిపే ఆయన. వీళ్ల మాట వినందే ఎక్కడో విదేశంలో ఉన్న కంపెనీ వాళ్లు అన్నం ముట్టరన్నట్టు అందరూ ఓట్లు మొదలుపెట్టారు. నాయన "వద్దు" అని ఓటేసి ఊరుకోలేదు, ఎందుకు వద్దో పేజీలకు పేజీలు రాశాడు. ఆయనది మోటారు స్పేర్ పార్ట్స్ షాపు. ఎవరో బేరింగ్ కోసం వస్తే, ఆగమని చెయ్యి చూపించి మరీ రాశాడట.

మా కారు నాయన బెంగళూరులో తన పాత కస్టమర్ దగ్గర కొన్నది. ఎర్రది, పొట్టిది, రెండు తలుపులది. ముందున్న రెండూ దొరల సీట్లు. వెనక కూడా ఇద్దరికి చోటుందని బండి కాగితాల్లో రాసుంది. అక్కడికి చేరాలంటే ముందు సీటు మడవాలి, తల వంచాలి, ఒక కాలు లోపల పెట్టి, నడుము తిప్పి, రెండో కాలు చేత్తో లాక్కోవాలి. అది గంటకు ఎంత దూరం పోగలదో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ నాయన చెప్తాడు. నిజంగా ఎంత పోతుందో నన్నడగండి. పెనుకొండ బస్సు మమ్మల్ని దాటి పోయేటప్పుడు కండక్టర్ చెయ్యి ఊపుతాడు.

ఆ రాత్రి సంగటి ముందు కూర్చుని నాయన తన వాదనంతా మాకు వినిపించాడు.

"స్పోర్ట్స్ కారంటే పులి, పాపా. పులికి పొట్ట పెడితే ఏమైతాది?"

"ఆవైతాది నాయనా. పాలన్నా ఇస్తాది."

అమ్మ నవ్వింది. నాయన అన్నం మీద అలిగినట్టు నటించి, ఇంకొక ముద్ద పెట్టించుకున్నాడు.

మా గొడవలో అవ్వ కలగజేసుకోలేదు. అవ్వంటే నాయన తల్లి. ఆమె ఆ కారు ఒక్కసారే ఎక్కింది. ఆ సారి పెనుకొండలో టీ తాగుదామని ఆపితే, వెనక సీట్లోంచి బయటికి రావడానికి ఆమెకు పట్టిన సమయంలో మేము టీ తాగడం, గ్లాసులు తిరిగివ్వడం రెండూ అయిపోయాయి. టీ కొట్టు దగ్గరున్నవాళ్లంతా సలహాలిచ్చారు. ఆ తర్వాత ఎక్కడికి పిలిచినా మోకాలి నొప్పి అనేది. ముదిగుబ్బలో పుట్టింటికి పోవాలన్నా ఆధార్ కార్డు కొంగున ముడేసుకుని, ఆడవాళ్లకు టికెట్ లేని బస్సులో పోయేది.

"బస్సుకూ రెండు తలుపులే గదరా. అయినా నన్ను మడిచి పెట్టల్లని ఎవురూ అనరు" అనేది. నాయన విననట్టు కారు అద్దం తుడుచుకునేవాడు.

ఈ ఓట్ల గొడవ జరుగుతుండగానే నా పెళ్లి కుదిరింది. పట్టుచీరలకు ధర్మవరం పోవాలి. చిన్నప్పటి నుంచి నాకు చీర చూడటం నేర్పింది అవ్వే. కొంగు తిరగేసి వెనక పక్క పని చూడాలని, లైటు కింద కాకుండా బయటి వెలుతురులో రంగు చూడాలని. ఆమె పక్కన లేకుండా నా పెళ్లిచీర కొనడం నాకు ఇష్టం లేదు. ఆమేమో, "మీరు పోయి రాండి. నేను బస్సులో వస్తాలే" అంది. వచ్చే ఉద్దేశం లేనప్పుడు అవ్వ అనే మాట అది.

దాంతో పొడుగు బండి సంగతి మా ఇంట్లోకి పూర్తిగా వచ్చేసింది. అమ్మ, నేను ఒక పక్షం. ఆ పొడుగు బాడీ కారే మనింట్లో ఉంటే అవ్వ హాయిగా ఎక్కేది గదా అని మేము. ఎక్కే విద్య తెలిస్తే ఈ బండి కూడా చాలునని నాయన. ఆ విద్య నిరూపించడానికి ఒక సాయంత్రం షాపు నుంచి ప్లాస్టిక్ స్టూలు తెచ్చి, ఇంటి ముందు రిహార్సలు పెట్టాడు. వీధిలో వాళ్లంతా అరుగుల మీదికి వచ్చారు. అవ్వ స్టూలెక్కింది, ఒక కాలు లోపల పెట్టింది. రెండో కాలు ఏం చేసినా రానంది.

"దింపురా. నవ్వుతాండారు" అంది.

అప్పుడు నేనన్నాను. "ఇంత బాధెందుకవ్వా? నువ్వు ముందర కూచో. అమ్మ, నేను వెనక కూచుంటాం."

నాయన స్టూలు వైపు చూశాడు. అమ్మ కళ్లతోనే నన్ను నోరు మూసుకోమంది.

"మంచి పనికి పోతాండాం" అంది అవ్వ, బియ్యం అయిపోయాయి అన్నంత మామూలుగా. "నేను ముందర కూచుంటే ఎట్ల? తాళి లేని మొగం పెట్టుకొని."

తాత పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లోంచి ఎవరు శుభకార్యానికి బయలుదేరినా, ఆ కాసేపు అవ్వ వంటింట్లో ఏదో పనిలో ఉండేది. పనే అనుకునేదాన్ని. ఇప్పుడు నాకు చాలా కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. మోకాలు మోకాలు అని ఆమె అంటుంటే మేము నమ్మాం. కారుకు తలుపులు చాలవని కొందరం, చాలునని ఒకరు కొట్లాడుకున్నాం. పొడుగు బండే ఉండుంటే ఆమె వెనక సీట్లో సుఖంగా కూర్చునేది, మాకు ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

"నువ్వు రాకపోతే నాకు చీరే వద్దు" అన్నాను.

"అచ్చం వాళ్ల తాతే. మొండిది" అని అవ్వ లోపలికి పోయింది. నాయన ఆ రాత్రి ఫోన్ తెరవలేదు.

ఇక్కడ మా సందు గురించి చెప్పాలి. అది ఇరుకు, చివర్లో మా ఇల్లు. అందులో కారు తిప్పడానికి వీలు లేదు. అందుకని నాయన రోజూ రాత్రి మెయిన్ రోడ్డు దగ్గరే తిప్పుకుని, రివర్సులో ఇంటిదాకా వస్తాడు. పొద్దున పులి ముఖం ముందు పెట్టుకుని బయటికి రావాలి కదా. ఇన్నేళ్లలో ఆ నియమం ఒక్కనాడూ తప్పలేదు.

ధర్మవరం పోవాల్సిన రోజు పొద్దున చూస్తే కారు మా ఇంటి గోడకు ముఖం పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏం నాయనా, పులి అలిగిండాదా?"

నాయన ముందు సీటు తలుపు తెరిచి అవ్వను పిలిచాడు.

"మా, ఇట్ల చూడు. బండి వెనక్కి పోతాది. అంటే అందరికన్నా ముందర పోయేది పాప. దాని పక్కన నా పెండ్లాం. నువ్వు, నేను వెనక. ఇంగ కూచో."

అవ్వ కారు చుట్టూ ఒకసారి తిరిగింది. కొంగు తిరగేసి చూసినంత జాగ్రత్తగా ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసింది.

"రోడ్డు దాకా ఇట్లనే పోతావా?"

"కావల్లంటే పెనుకొండ దాకా పోతా."

అవ్వ ముందు సీట్లో కూర్చుంది. మోకాలు ఏమీ అనలేదు.

అలా నా పెళ్లిచీర కోసం మేము వెనక్కి వెనక్కి బయలుదేరాం. నాయన మెడ తిప్పి తోలుతున్నాడు. వెనక అద్దంలో నా ముఖం శుభశకునంగా ముందు పోతోంది. అరుగుల మీద వాళ్లు రిహార్సలు నాటికన్నా ఎక్కువ నవ్వారు. సందు చివర మాకు ఎదురొచ్చింది మునిసిపాలిటీ చెత్త బండి. అందరం అవ్వ వైపు చూశాం.

"చెత్త పోతాంటే మంచిదే" అని ఆమె తీర్పు చెప్పింది.

మెయిన్ రోడ్డు మీద నాయన బండి తిప్పాడు. అవ్వ ఉలిక్కిపడింది.

"ఏమిరా తిప్పితివి?"

"బయలుదేరేది అయిపాయ గదమా. ఇంగ పొయ్యేదే."

అవ్వ సరే అన్నట్టు కొంగు సర్దుకుంది. పెనుకొండ దాకా ఒక చెయ్యి డాష్‌బోర్డు మీదే పెట్టుకుంది. బస్సు మమ్మల్ని దాటుతుంటే, కండక్టర్ కన్నా ముందు తనే చెయ్యి ఊపింది. టీ కొట్టు దగ్గర అందరికన్నా ముందు దిగి, వెనక సీట్లోంచి మేము పాకుతూ రావడం చూసి మాకు సలహాలిచ్చింది.

ధర్మవరంలో షాపువాడు పరిచిన చీరలన్నీ తిరగేయించి, రెండింటిని వీధిలోకి పట్టుకుపోయి, చివరికి ముదురు అరిటాకు రంగుకు ఎర్ర అంచున్నది నా చేతిలో పెట్టింది. బాగుందా అని నన్నడగలేదు. నేను ఏడుస్తుంటే, "ధర ఇనకముందే ఏడుస్తే ఎట్ల?" అంది.

తిరిగి వచ్చేటప్పుడు నాయన అవ్వను మెల్లగా అడిగాడు. "మా, గ్రూపులో అడుగుతాండారు. ఆ పొడుగు బండి మళ్లీ తేవల్లనా, వద్దా?"

అవ్వ వెనక్కి తిరిగి, చీరల సంచులు ఒళ్లో పెట్టుకుని ముడుచుకున్న అమ్మను చూసింది.

"వెనక పెంచేదెందుకురా? ముందర ఇంగొక సీటు పెట్టమను. పాపం నా కోడలు ఎట్ల కూచోనుండాదో చూడు."

నాయన ఆ మాట ఉన్నదున్నట్టు గ్రూపులో పెట్టాడు. బెంగళూరు వాళ్లెవరూ జవాబివ్వలేదు. ఆయన ఓటు మాత్రం ఇప్పటికీ "వద్దు" అనే ఉంది.

పెళ్లి పెనుకొండలో. ఆ రోజు తెల్లవారకముందే నేను అవ్వ కొన్న చీర కట్టుకుని బయటికి వచ్చేసరికి, నాయన తల్లి కోసం మళ్లీ కారును గోడకు ముఖం పెట్టి నిలిపి ఉంచాడు. వంటింట్లో ఉంటుందేమోనని అవ్వ కోసం లోపలికి తొంగి చూశాను. లేదు. ఆమె అప్పటికే కారు ముందు సీటు తలుపు పట్టుకుని, మా కోసం చూస్తూ నిలబడి ఉంది.

"ఇదేమిరా ఇట్ల నిలిపినావు?" అని కొడుకును గదమాయించింది. "బిడ్డ పెండ్లికి పోతాండాం. వెనక్కి వెనక్కి పొయ్యేదేమిటికి? పోయి తిప్పుకోనిరా. నేను ఈడ్నే ఉంటా."