చూశారాగారు

"మీరు చూశారా?" అని అడగకుండా ఆయన ఏ కబురూ నమ్మరు. అందుకే ఆ కంట్రోల్ రూములో ఆయన అసలు పేరు అందరూ ఎప్పుడో మరిచిపోయారు. ఆయన లేనప్పుడు చూశారాగారు అనేవారు. వరదొచ్చినా, మంటలు లేచినా, వంతెన కూలినా జనం ఫోన్లలోంచి పంపే సమాచారమంతా ఆ గదికే చేరేది. దాన్ని జల్లెడ పట్టడం ఆయన ఉద్యోగం. ఆ జల్లెడను ఆయన ఇంటికి కూడా పట్టుకెళ్ళేవారు.

పక్క కుర్చీలో కూర్చునే అమ్మాయిది మ్యాపు పని. తప్పిపోయిన మనిషి తెర మీద పసుపు చుక్క. క్షేమమని తెలిస్తే చుక్క పచ్చబడుతుంది, పోయారని తెలిస్తే నల్లబడుతుంది. ఉద్యోగంలో చేరిన రోజే ఆమె, బయట పెద్ద వాన పడుతోంది సార్ అంది. ఆయన లేచి కిటికీ తీసి, మోచేతి దాకా చెయ్యి బయట పెట్టి, తృప్తిగా వచ్చి కూర్చుని, ఆ తడిచేత్తోనే ఆమె కీబోర్డు సర్దారు. ఉపగ్రహం చెప్పినా సరే, ఆయన చెయ్యి తడవనిదే ఆ గదిలో వాన పడ్డట్టు కాదు. వానాకాలంలో కీబోర్డులు ఎన్ని పాడయ్యేవో స్టోరు గుమాస్తాకే తెలియాలి.

ఆయన భార్య ఒకసారి కేరేజీ ఇవ్వడానికి వచ్చి అమ్మాయి దగ్గర మొర పెట్టుకుంది. పాలు విరిగాయంటే గిన్నె తెమ్మంటారట. పక్కింటి పిల్లకి మంచి సంబంధం కుదిరిందంటే, పెళ్ళికొడుకును నువ్వు చూశావా అంటారట. "నాకు జ్వరమొచ్చిందన్నా నమ్మరమ్మా. థర్మామీటరు తెచ్చుకుని మంచం పక్కనే కూర్చుంటారు," అంది. అలా కూర్చున్నాక జ్వరం తగ్గేదాకా లేవరని కూడా అంది గానీ, అమ్మాయి నవ్వులో పడి ఆ ముక్క పట్టించుకోలేదు.

ఈయనతో అందరికంటే ఎక్కువ తలనొప్పి డైరెక్టరుకి. కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఒక ఏర్పాటుంది. ఒక మనిషి పోయాడని మూడు ఫోన్ల నుంచి కబురొస్తే, చుక్క దానంతటదే నల్లబడుతుంది, ఇంటివాళ్ళకి మెసేజ్ దానంతటదే వెళ్తుంది. అందరూ భేష్ అన్నారు. చూశారాగారు మాత్రం, ఆ ముగ్గురూ చూశారా అన్నారు.

కిందటి వానల్లో ఆయన మాటే నిజమైంది. చెప్పుల షాపాయన ఒకరు కొట్టుకుపోయారని ఎవరో గ్రూపులో పెట్టారు. అది చదివిన ముగ్గురు ఎవరికి వారు కంట్రోల్ రూముకి పంపారు. యంత్రం దృష్టిలో వాళ్ళు ముగ్గురు సాక్షులు. ఇంటికి మెసేజ్ వెళ్ళింది, ఇంటివాళ్ళు ఏడుస్తూ చుట్టాలందరికీ పంపారు, స్నేహితుడింట్లో కాఫీ తాగుతున్న షాపాయన తన చావు కబురు తన ఫోన్లోనే చదువుకున్నాడు. గదిలో ఆ వానాకాలమంతా ఇదే నవ్వు. చూశారాగారు నవ్వలేదు. ఆ ఇల్లాలికి ఆ పూట ఎలా గడిచిందో అన్నారు. కబురు పంపే ఫారంలో 'కళ్ళారా చూశారా' అని ఒక గడి పెట్టించమని అప్పట్నుంచీ ఆయన పోరుతూనే ఉన్నారు, డైరెక్టరు చూద్దామంటూనే ఉన్నారు.

ఈసారి ఏరు పొంగింది. అమ్మాయి నాన్న ఏటి ఒడ్డున పంపుహౌసులో ఆపరేటరు. ఉదయం ఆమె పనిలో ఉండగానే కట్ట తెగిందని కబురొచ్చింది. నాన్న ఫోను మోగలేదు. ఆయన పేరున పసుపు చుక్క ఆమే పెట్టింది. ఇంటికి వెళ్ళమంటే వెళ్ళలేదు. అమ్మకి ఏం చెప్పాలో తెలియలేదు.

మధ్యాహ్నానికి పంపుహౌసు ఆపరేటరు పోయాడని ఒక కబురు, దాని వెనకే ఇంకొకటి వచ్చాయి. మూడోది వస్తే మెసేజ్ అమ్మ ఫోనుకి వెళ్తుంది. అమ్మ ఇంట్లో ఒంటరిగా ఉంది. అమ్మాయి కొయ్యబారిపోయింది. చూశారాగారు ఆమె తెర చూసి, తన పాస్‌వర్డ్ కొట్టి, చావు మెసేజ్‌లు వెళ్ళకుండా ఆపేశారు. డైరెక్టరు వచ్చి రూలు గుర్తుచేస్తుంటే ఈయన ఆ ఇద్దరికీ ఫోన్ చేసి తన ప్రశ్న అడిగారు. ఇద్దరూ గ్రూపులో చదివినవాళ్ళే.

"ఎవరూ చూడలేదు. నేను వెళ్ళి చూసొస్తాను. అందాకా ఈ చుక్క పసుపే," అన్నారు.

ఆయనకి ఈత రాదు. లైఫ్ జాకెట్ తిరగేసి తొడుక్కుని, సహాయ సిబ్బంది పడవలో ఇద్దరి చేతులూ పట్టుకుని కూర్చుని వెళ్ళారు. ఎవరికీ నవ్వు రాలేదు. అమ్మాయి ఆ చుక్కకేసి చూస్తూ కూర్చుంది. షాపాయన లాగే నాన్న కూడా ఎక్కడో కాఫీ తాగుతూ ఉండాలని కోరుకుంది.

పొద్దు వాలుతుండగా ఆయన తిరిగొచ్చారు. నడుం దాకా బురద. కుర్చీ లాక్కుని ఆమెకి ఎదురుగా కూర్చున్నారు.

"చూశానమ్మా. నాన్నగారే," అన్నారు.

ఆమె ఏడ్చింది. ఆయన ఊరుకోమనలేదు. నాన్న పంపుహౌసు దిగువన కంచె దగ్గర దొరికారని, పడవలో తాను పక్కనే కూర్చుని తెచ్చానని మెల్లగా చెప్పారు. అప్పుడామె, నాన్న బాగా అవస్థ పడ్డాడా అని అడిగింది.

"లేదమ్మా. నీళ్ళు ఒక్క ఊపున వచ్చాయి. ఆయనకి తెలియను కూడా తెలియలేదు."

ఆమె తలెత్తింది. "మీరు చూశారా సార్?"

కట్ట తెగిన వేళకి ఆయన ఈ గదిలోనే, ఆమె పక్క కుర్చీలోనే ఉన్నారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"చూశాను," అన్నారాయన.

అబద్ధమాడటం ఆయనకి బొత్తిగా చేతకాలేదు. చెవులు ఎర్రబడ్డాయి. అంత ఏడుపులోనూ అమ్మాయి పెదవుల మీదికి నవ్వులాంటిది ఒకటి వచ్చి పోయింది. చుక్క రంగు మార్చబోతుంటే ఆయన వద్దన్నారు. మెసేజ్ తర్వాత వెళ్తుంది, ముందు అమ్మ దగ్గరికి మనం వెళ్దామన్నారు.

అమ్మ కూడా ఏడ్చి ఏడ్చి చివరికి అదే అడిగింది, మీ నాన్న అవస్థ పడ్డాడా అని. లేదమ్మా, ఆయనకి తెలియను కూడా తెలియలేదట అంది అమ్మాయి. నీకెవరు చెప్పారే అంది అమ్మ. గుమ్మం బయట, లోపల బురద అంటుతుందని నిలబడిపోయిన మనిషిని అమ్మాయి చూపించింది.

"ఆయన చూడనిది చెప్పరమ్మా," అంది.