తెర మీది డాక్టరుతో ఏడు బుధవారాలు

కళ్యాణదుర్గంలో బట్టల అంగడి నడిపే గురుమూర్తి ఎక్కిన బస్సు 2006 వేసవిలో బోల్తా పడింది. మోచేయి చీరుకుపోవడం తప్ప ఆయనకేమీ కాలేదు. కానీ ఆ తర్వాత బస్సు మెట్టు మీద కాలు పెడితే చాలు, గుండె దడదడలాడి ఊపిరాడక దిగిపోయేవాడు. ధర్మవరం నుంచి అంగడికి చీరలు భార్య ఆదిలక్ష్మే తెచ్చేది.

గుండె బాగానే ఉందని పరీక్షల్లో తేలింది. "ఇది భయం. బెంగళూరులో మానసిక వైద్యురాలు ఉంది, వనజాక్షి. మీరు బస్సెక్కలేరు కాబట్టి బుధవారాలు మన ఆసుపత్రిలోనే ఆమెను తెర మీద చూస్తూ మాట్లాడొచ్చు" అన్నాడు ఊళ్లో డాక్టరు.

"నేనేమన్నా పిచ్చోన్నా? ఉత్త మాటలకే రోగం పోతాదా?" అన్నాడు గురుమూర్తి. అసలు సంకోచం వేరే. "నేను మాట్లాడేది ఊర్లో టీవీలన్నిట్లో వస్తే?" అని భార్యను మెల్లగా అడిగాడు.

"నేను ఇంట్లో టీవీ పెట్టుకోని చూస్తాంటా. మీరు పోయి రాండి" అంది ఆదిలక్ష్మి.

ఆసుపత్రి గది తలుపు మూశారు. లోపల ఆయన, తెర మీద వనజాక్షి.

"ముట్టుకోకుండా జబ్బు ఎట్ల కనుక్కుంటారు మేడమ్?"

"బస్సు అన్నప్పుడల్లా చేతిలో రుమాలు పిండేస్తున్నారు" అందామె.

గురుమూర్తి తన చేతులు చూసుకున్నాడు. రుమాలు జేబులో పెట్టుకుని, ఇంట్లో కూడా చెప్పని మాట చెప్పాడు. బస్సు పడినప్పుడు పక్కనున్న ముసలామె ఆయన చేయి పట్టుకుంది. విడిపించుకుని కిటికీలోంచి బయటపడ్డాడు.

"ఆమె ఏమైంది?"

"తెలీదు. అడగాలంటే భయం."

ఇంటికొస్తూనే "టీవీలో వచ్చిందా?" అని అడిగాడు.

"లేదు. వంటల ప్రోగ్రామ్ వస్తాండె" అంది ఆదిలక్ష్మి.

వనజాక్షి ప్రతి వారం ఒక పని అప్పగించేది. మొదట బస్టాండులో ఊరికే నిలబడాలి. తర్వాత ఆగి ఉన్న బస్సులో కూర్చోవాలి. ఆ తర్వాత ఒక్క స్టాపు దూరం పోవాలి. రెండుసార్లు మధ్యలోనే దిగిపోయాడు. అదీ దాచకుండా చెప్పాడు. ఒక బుధవారం తెర మీద బొమ్మ కదలకుండా ఆగిపోతే మిగతాది ఫోన్లో మాట్లాడారు.

ఆరో వారం పని, ఆ ముసలామె ఏమైందో కనుక్కోవడం. ఆమె పేరు మారెక్క అనీ, పక్క ఊరేననీ విచారిస్తే తెలిసింది. ఏడో వారం ఆదిలక్ష్మిని వెంటబెట్టుకుని బస్సులోనే పోయాడు. ప్రమాదంలో విరిగిన మారెక్క కాలు అతుక్కుంది, కర్ర పట్టుకుని నడుస్తోంది. జరిగింది చెప్పి తల దించుకున్నాడు.

"నీ చెయ్యా అది? నేను బస్సు రాడ్డేమో అనుకున్యా గదప్పా" అంది మారెక్క. కూర్చోమని చాప వేసింది.

ఇప్పుడు ధర్మవరానికి గురుమూర్తే పోతున్నాడు. డ్రైవరు వెనక సీటు దొరక్కపోతే ఎక్కడు. వాన మొదలైతే బస్సు జారుతుందేమోనని మధ్యలో దిగి, తగ్గాక ఇంకో బస్సు చూసుకుంటాడు.