పప్పులో చుక్క, బీరులో నురగ

2023 వసంతకాలం. పరదేశంలో, బాతెల్ అనే ఈ ఊళ్లో, టైర్ల షాపు వెనక ఉంటుంది నా దుకాణం. ఇంట్లో బీరు కాచుకునేవాళ్లకు కావలసిన సరుకులు అమ్ముతాను: మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ గింజలు, చేదు కోసం వేసే హాప్స్ అనే పువ్వులు, పులియబెట్టే ఈస్ట్. తెలుగు ఆడదానివి, నీకీ బేరమేమిటే అని గుళ్లో కనిపించిన ప్రతి పెద్దావిడా అడుగుతుంది. "పులియబెట్టడం మనకేమన్నా కొత్తా? మీరు అట్ల పిండి పులియబెట్టుకోవడం లేదూ?" అంటాను. దాంతో ఆ సంగతి వదిలేసి నా మోకాళ్ల నొప్పుల గురించి అడుగుతారు.

ఆ రోజుల్లోనే శిరీష వచ్చింది. బయోటెక్ ల్యాబ్‌లో ఏళ్ల తరబడి పనిచేసి, లేఆఫ్‌లో ఉద్యోగం పోగొట్టుకున్న అమ్మాయి. బీరు కాయడం ఆమెకు సరదాగా మొదలై పిచ్చిగా మారింది. ఊళ్లో చిన్న బ్రూవరీ నడిపే డాన్ అనే ముసలాయన సహాయకుల కోసం వెతుకుతున్నాడు. ఈమె కాచిన గోధుమ బీరు రుచి చూసి భేషన్నాడు. ఆ తర్వాత గ్లాసు వంక చూసి, "మరి నురగ ఏది? నురగ నిలబడ్డ రోజున రా, ఉద్యోగం సంగతి మాట్లాడదాం. మే నెలాఖరు దాకా ఆగుతాను," అన్నాడట.

సంచిలోంచి సీసా తీసి నా ముందే గ్లాసులో పోసింది. పాలపొంగులా లేచింది నురగ. నేను కళ్లజోడు పెట్టుకునేలోపు మొత్తం చప్పబడిపోయింది. నురగ అలా పోకుండా చివరిదాకా నిలబడటాన్నే మా వ్యాపారంలో హెడ్ రిటెన్షన్ అంటాం. గింజల్లోని ప్రొటీను, హాప్స్‌లోని చేదు కలిసి బుడగలకు గోడలు కడతాయి. ఈమె బీరులో ఆ గోడల్ని ఏదో కూల్చేస్తోంది.

నాకు తొందరెక్కువ. "గ్లాసుకి సబ్బు ఉండిపోయింది. సరిగ్గా కడగలేదు నువ్వు," అన్నాను.

"అక్కా, ఇది మీ షాపు గ్లాసే!"

నాలిక కరుచుకున్నాను.

అప్పటికే ఆమె చేయని ప్రయత్నం లేదు. ఒకసారి గోధుమ మాల్ట్ పెంచింది, ఒకసారి ఈస్ట్ మార్చింది, ఇంకోసారి సీసాలన్నీ కొత్తవి కొన్నది. ఎప్పుడూ ఒక్కటే మార్చేది. "రెండూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుందక్కా?" అంది. నా దగ్గరికి వచ్చేవాళ్లంతా నురగ రావడానికి పొడి ఏదైనా ఉంటే పడెయ్యమనేవాళ్లే. ఉద్యోగం పోయి, ఉన్న ఒక్క ఆశా గ్లాసులో చల్లారిపోతుంటే కూడా ఇంత నిదానంగా ఆలోచించే మనిషిని చూస్తే నాకు ముచ్చటేసింది. గడువులోపల ఇంకొక్కసారి కాయడానికే వ్యవధి ఉంది.

"ఆదివారం నేనే మీ ఇంటికొస్తా. కాస్తూ ఉండు, కళ్లారా చూస్తా," అన్నాను.

వాళ్ల వంటిల్లు అద్దంలా ఉంది. నూక పట్టించిన మాల్ట్‌ను వేణ్నీళ్లలో నానబెట్టి వడకట్టింది. ఆ తియ్యటి నీళ్లను వోర్ట్ అంటారు. దాన్ని పెద్ద గంగాళంలో పొయ్యెక్కించింది. పక్క పొయ్యి మీద ఆమె భర్త కిశోర్ పప్పు పెట్టాడు. వరంగల్ మనిషి, నెమ్మదస్తుడు. శిరీష అటు తిరిగి హాప్స్ తూచుకుంటోంది. వోర్ట్ అంచుదాకా పొంగుకొచ్చింది. కిశోర్ ఎంతో మామూలుగా స్పూను నూనెలో ముంచి గంగాళం మీదికి చెయ్యి చాపాడు.

"ఓరి నాయనో! ఏం పోస్తున్నావయ్యా?" అని కేకేశాను.

స్పూను గాల్లోనే ఆగిపోయింది. "నూనె అక్కా. ఒక్క చుక్క, పొంగకుండ. మా అమ్మ పప్పుల ఎప్పుడు ఏస్తది కదా."

శిరీష గిరుక్కున తిరిగింది. "ప్రతిసారీ వేస్తున్నావా?"

"మొదటిపారి పొంగి నీ చెయ్యి కాలలే? అప్పటిసంది ఏస్తున్న. గిది గూడ చెప్పాల్నా నీకు?"

ఆమె మణికట్టు మీద మచ్చ అప్పుడు చూశాను నేను.

పప్పును పొంగనివ్వని ఆ చుక్కే బీరులో నురగ ప్రాణం తీస్తుంది. నూనె తగిలితే బుడగ గోడ నిలవదు. "అందుకే మొదటిసారి కాచినదానికి నురగ అంత బాగుంది!" అంది శిరీష. ఇక తిట్లు మొదలవుతాయనుకున్నాను. నేనైతే గరిటె విసిరేదాన్ని. ఆమె కళ్లలో నీళ్లు, మూతి మీద నవ్వు. అతని చేతిలోంచి స్పూను తీసుకుంది.

"నూనె వద్దు. నువ్వుండు, చాలు."

మంట తగ్గించి, పొంగినప్పుడల్లా పైన చన్నీళ్లు చిలకరిస్తే సరిపోతుందని చెప్పాను. మొక్కలకు నీళ్లు చల్లే సీసా పట్టుకుని కిశోర్ ఆ గంగాళం పక్కనే కాపలా నిలబడ్డాడు. ఈలోగా నూనె పడని పప్పు పొంగి పొయ్యంతా పారింది. అతను అటు చూస్తేగా!

మే చివరివారంలో ముగ్గురం డాన్ దగ్గరికి వెళ్లాం. ఆయన బీరు గ్లాసులో పోసి, తాగకుండా బల్ల మీద పెట్టి, వానల గురించీ మనవల గురించీ కబుర్లు చెప్తూ కూర్చున్నాడు. ఓర కంటితో గ్లాసును చూస్తూనే ఉన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది, తాగి చావవయ్యా అనిపించింది. నురగ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. చివరికి తాగాడు. గుక్క గుక్కకూ గ్లాసు గోడ మీద తెల్లటి వలయం మిగిలింది.

"ఎప్పటి నుంచి వస్తావు?" అన్నాడు శిరీషతో.

నేను చప్పట్లు కొట్టేశాను. కిశోర్ మాత్రం లోపల వోర్ట్ కాచే మనిషెత్తు స్టీలు కెటిల్‌ని చూస్తూ నా చెవిలో మెల్లగా అన్నాడు: "అక్కా, అది పొంగితే పక్కన ఎవరుంటరు?"

ఇప్పటికీ నురగ నిలబడటం లేదంటూ దుకాణానికి మనవాళ్లెవరొచ్చినా గ్లాసు సంగతి, గింజల సంగతి నేనెత్తను. "ఇంట్లో నీమీద అంత ప్రేమ ఎవరికి?" అని అడుగుతాను. వాళ్లు సిగ్గుపడి నవ్వుతారు. "ఆ మనిషినీ తీసుకురా," అంటాను.