గడ్డమంటే పడని హెక్టర్

హెక్టర్ స్టరక్‌కి గడ్డమంటే పడదు. ముప్ఫై ఏళ్ళు నాటకాల్లో, అందులో పదిహేనేళ్ళు సినిమాల్లో కూడా వేషాలు కట్టిన మనిషి. జడ్జీ అయ్యాడు, ఖైదీ అయ్యాడు, సముద్రపు దొంగలకు నాయకుడయ్యాడు, ఒక డిసెంబరులో పిల్లల కోసం క్రిస్మస్ తాత కూడా అయ్యాడు. అన్నిట్లోనూ అప్పుడే మంగలి దగ్గర్నుంచి లేచొచ్చినట్టు నున్నటి మూతితోనే కనిపించాడు.

అతని మీద ఈ ఫిర్యాదు చెయ్యడానికి స్కాట్లండ్‌లోని మా డండీ ఊళ్ళో నాకున్నంత హక్కు ఇంకెవరికీ లేదు. మా నాటకశాలలో గడ్డాలు, మీసాలు, విగ్గులు తయారుచేసేది నేను. పేరు నీనియన్ కిడ్. జనం పిలిచేది గడ్డాల కిడ్. పెర్త్ నుంచి వచ్చి ఇరవై ఏళ్ళు ఆ అటక మీద గదిలో కూర్చుని, ఒక్కో వెంట్రుకనీ సన్నటి వలగుడ్డకి ముడేస్తూ కళ్ళు పోగొట్టుకున్నాను. నా పనికి ప్రచారంగా ఉంటుందని నేనూ గుండెల దాకా గడ్డం పెంచాను. ఒక మంచి గడ్డం చెయ్యడానికి తొమ్మిది రోజులు పడుతుంది. హెక్టర్ తిరగ్గొట్టిన గడ్డాలు నా బీరువాలో పదిహేడున్నాయి.

"సముద్రపు దొంగవిరా నువ్వు! ఆర్నెల్ల నుంచి నేల మొహం చూడనివాడివి. గడ్డం లేకపోతే ఎవడు నమ్ముతాడు?" అన్నానొకసారి.

"నా ఓడలో మంగలున్నాడు" అన్నాడు హెక్టర్.

"ఏ మంగలి? నాటకంలో మంగలి లేడే!"

"కింద గదిలో ఉంటాడు. పైకి రాడు, పాపం వాంతులు."

క్రిస్మస్ తాత వేషానికి నేను పాలనురుగు లాంటి గడ్డం చేసి పట్టుకెళ్ళాను. చేతిలోకి తీసుకున్నాడు, నిమిరాడు, మెచ్చుకున్నాడు, తిరిగి పెట్టెలో పెట్టేశాడు. "పిల్లలడిగితే పొగగొట్టంలో దిగేటప్పుడు గడ్డానికి నిప్పంటుకుందని చెప్పు" అన్నాడు. ఒకసారి జిగురు పడదన్నాడు. ఇంకోసారి తుమ్ములొస్తాయన్నాడు. మరోసారి సూపు తాగేటప్పుడు అడ్డమన్నాడు. ఆ నాటకంలో సూపే లేదు.

గడ్డం ఒక్కటే అయితే నేనొక్కణ్ణే ఏడ్చేవాణ్ణి. హెక్టర్ మిగతావాళ్ళనీ వదల్లేదు. రంగస్థలం మీద అతను ప్రేక్షకులకి వీపు కాదు కదా, చెంప కూడా చూపించడు. ప్రేయసి పక్కనుంటే ప్రేక్షకుల కేసి చూసి "నువ్వు లేక బతకలేను" అంటాడు. గొంతు నులమాల్సొస్తే శత్రువుని చంకలో ఇరికించుకుని మనవైపు తిరిగి నులుముతాడు. "ఐదేళ్ళు అతని పక్కన కథానాయికగా వేశాను. అతని కళ్ళు ఏ రంగో ఇప్పటికీ నాకు తెలీదు" అని మోయిరా కట్‌హిల్ అందరితోనూ చెప్పుకునేది.

దానికి తోడు ఇంకో జబ్బు. పక్కవాడు ఏ మాటన్నా దాన్ని తను మళ్ళీ అనాలి. మాలో రెన్నీ అని పెద్ద నటుడుండేవాడు, నా చేతి మీసాలన్నిటికీ అతనే ఆధారం. రెన్నీ వచ్చి "మీ అన్నగారు జైలునుంచి తప్పించుకున్నారు" అంటాడు. హెక్టర్ మనవైపు తిరిగి, నోరు చేటంత చేసుకుని, "ఏమిటీ! మా అన్న జైలునుంచి తప్పించుకున్నాడా!" అంటాడు. నాటకం రాసినవాడు ఆ మాట రాయలేదు. నాటకాలు నడిపించే లోరిమర్ గారికి తల ప్రాణం తోకకొచ్చేది.

"హెక్టర్, రెండు గంటల నాటకం మూడు గంటలు అవుతోందయ్యా! అందరి మాటలూ నువ్వే చెబుతుంటే మిగతావాళ్ళకి జీతాలెందుకు?"

"వాళ్ళు మొదట చెబుతున్నారు కదండీ" అనేవాడు హెక్టర్. ఎన్నిసార్లు తిట్టినా అంతే వినయంగా తలూపేవాడు, సాయంత్రం అంతే మొండిగా మళ్ళీ చేసేవాడు.

సినిమాల్లోనూ ఇదే వరస. లండన్ వాళ్ళు పిలిచి చిన్న చిన్న వేషాలిచ్చేవారు. పోలీసుగా వేస్తే దొంగ చెయ్యి పట్టుకుని, మొహం మాత్రం మనకి చూపిస్తూ "నిన్ను అరెస్టు చేస్తున్నాను" అన్నాడు. ఒక సినిమాలో అతన్ని వెనకనుంచి కాల్చి చంపాలి. పిస్తోలు పట్టుకున్నవాడు ఎటు నడిస్తే అటు తిరిగి, చివరికి గుండెలోనే గుండు తగిలించుకుని చచ్చాడు. అందుకే నలభై ఎనిమిదేళ్ళొచ్చినా పెద్ద వేషం ఒక్కటీ రాలేదు. ఆ సంగతి అతన్ని ఎంత బాధపెట్టేదో పైకి చెప్పేవాడు కాదు గాని, నాకు తెలుసు.

అలాంటి సమయంలో లండన్‌లో సినిమాలు తీసే ప్రెంటిస్ అనే ఆయన మా నాటకానికొచ్చాడు. రెండు రోజుల తర్వాత ఉత్తరం రాశాడు. పాతకాలపు స్కాట్లండ్ రాజు కథ తీస్తున్నాడట, రాజు వేషం హెక్టర్‌కిస్తాడట. రాజుకి బొడ్డు దాకా గడ్డం ఉండాలి. రెన్నీ మీసం చూసి ముచ్చటపడ్డాడు కనక గడ్డం నన్నే చెయ్యమన్నాడు, తెర మీద నా పేరు వేస్తానన్నాడు. మంగళవారానికల్లా హెక్టర్ గడ్డంతో దిగిన ఫోటో పంపాలి. పంపకపోతే వేషం ఇంకొకరికి పోతుంది.

నేను తొమ్మిది రోజుల పని ఐదు రోజుల్లో చేశాను. నిద్రలేదు, తిండిలేదు. శుక్రవారం పెట్టె పట్టుకుని అతని గదికి వెళ్ళేసరికి, తలుపవతల హెక్టర్ అద్దం ముందు నిలబడి రాజుగారి మాటలు చదువుకుంటున్నాడు. ఎంత బాగా చదువుతున్నాడో! నేను గుమ్మంలో నిలబడిపోయాను. గడ్డం చూడగానే అతని మొహం మాడిపోయింది.

"వద్దు కిడ్."

"ఈ వేషం కోసం ఇన్నేళ్ళు ఎదురుచూశావు కదరా!"

"చూశాను."

"మాటలన్నీ నోటికొచ్చేశాయి కదరా!"

"వచ్చేశాయి. ప్రెంటిస్ గారికి రాసేస్తాను, నాకు జిగురు పడదని."

"జిగురూ లేదు, నీ మొహమూ లేదు! నా పేరు తెర మీద పడకుండా చెయ్యడానికే పుట్టావు నువ్వు" అని అరిచేసి వచ్చేశాను. ఈసారి మాత్రం వదలకూడదనుకున్నాను. అతను మొండివాడైతే నేను జగమొండిని.

మర్నాడు శనివారం, మధ్యాహ్నం ఆట. ఆట మధ్యలో పట్టుకుందామని పెట్టెతో వెనక గుమ్మానికి వెళితే కాపలావాడు టోష్ అడ్డంగా నిలబడ్డాడు. "ఏమనుకోకండి కిడ్ గారూ. వెంట్రుకలు పట్టుకొచ్చిన ఎవర్నీ రానివ్వద్దన్నారు హెక్టర్ గారు" అన్నాడు. నా మొహాన ఉన్న గడ్డం సంగతి మాత్రం ఆయన చెప్పలేదని కూడా అన్నాడు. నేను ముందునుంచి వెళ్ళి టిక్కెట్టు కొన్నాను. ఇరవై ఏళ్ళలో నేను జనంలో కూర్చుని నాటకం చూడడం అదే మొదలు.

రెండో బెంచీలో ఒక్క చోటే ఖాళీ ఉంది. మొదటి రెండు బెంచీలూ జనపనార మిల్లు ఆడవాళ్ళవి. శనివారం ఒంటిపూట పని కాగానే జుట్టులో నార పీచులతో అలాగే వచ్చేస్తారు, ఒళ్ళో మాంసం కూరిన వేడి వేడి రొట్టెలు పెట్టుకుని. వాళ్ళంటే ఊళ్ళో అందరికీ హడలే. మిల్లుకెళ్ళి సంపాదించేది వాళ్ళే, ఇంట్లో టీ కాచేది మొగుళ్ళు.

తెర లేచింది. నా మీసం పెట్టుకుని రెన్నీ వచ్చాడు. నిజం జుట్టుతో ఆరు రోజులు కష్టపడ్డ మీసం. గర్వంగా అటూ ఇటూ చూశాను.

పక్కనున్న లావుపాటి ఆవిడ హాలంతా దద్దరిల్లేలా అడిగింది. "ఏమంటున్నాడే వీడు?"

"నాకేం తెలుసే లిజ్! నోటికి చీపురు కట్టుకొచ్చాడుగా!" అంది అవతలావిడ అంతకంటే గట్టిగా.

చీపురు! నేను లేచి దెబ్బలాడేవాణ్ణే. ఇంతలో హెక్టర్ మావైపు తిరిగి, నోరు ఇంత చేసుకుని, "ఏమిటీ! ఆఖరి పడవ వెళ్ళిపోయిందా!" అన్నాడు. రెండు బెంచీలూ ఒక్కసారిగా "అయ్యయ్యో!" అన్నాయి. వెనక హాలంతా ఆ సంగతి రెన్నీ చెప్పినప్పుడే విని ఊరుకుంది. వీళ్ళకి మాత్రం ఇప్పుడే తెలిసింది.

నేను చుట్టూ చూశాను. రెండు బెంచీల్లోనూ ఒక్కరూ హెక్టర్ కళ్ళకేసి చూడడం లేదు. అందరి చూపూ అతని పెదవుల మీదే ఉంది. ఆ చివరావిడ ఈ చివరావిడతో గొంతు లేకుండా ఉత్త నోరాడిస్తూ మాట్లాడుతోంది, ఈవిడ నవ్వుతోంది. మిల్లు మగ్గాల మోత కింద ముప్ఫై ఏళ్ళు నిలబడితే చెవులు మిగలవనీ, మిల్లులో వాళ్ళంతా పెదవులు చూసే మాట్లాడుకుంటారనీ డండీలో పసిపిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. ఇరవై ఏళ్ళు జిగురు గిన్నెలో తల పెట్టుకుని ఆ సంగతీ హెక్టర్ మొండితనమూ కలిపి చూసుకోలేదు, అంతే.

విరామంలో పక్కనున్న లిజ్‌ని అడిగాను, "మీరు ప్రతి శనివారం వస్తారాండీ?"

"ఏంటి?"

"ప్రతి శనివారం వస్తారా?"

"ఏవయ్యా, ముందా పొద పక్కకి తీసి మాట్లాడు!"

రెండు వేళ్ళతో నా మీసం పైకెత్తి పట్టుకుని మళ్ళీ అడిగాను. లిజ్ మూడీ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఆ, ఇప్పుడు తెలిసింది. వస్తాం. హెక్టర్ ఆడితేనే వస్తాం. మిగతావాళ్ళు ఆడితే ఇంట్లో బట్టలుతుక్కుంటాం. ఇదిగో, ఈవిడే హెక్టర్ వాళ్ళమ్మ, జెస్."

ముందు బెంచీలోంచి పిడికెడంత ముసలమ్మ వెనక్కి తిరిగింది. "మావాడిది చిన్నప్పటినుంచీ నోరు పెద్దదే" అంది, తప్పు ఒప్పుకున్నట్టు. నా ఒళ్ళో పెట్టె చూడగానే కళ్ళు చిన్నవి చేసుకుంది. "వాడెందుకలా ఆడతాడో నలుగురికీ చెప్పావో, ఊరుకోను. మాకెవడి జాలీ అక్కర్లేదు. టిక్కెట్టు కొనుక్కునే వస్తున్నాం."

"చెప్పనమ్మా" అన్నాను, మీసమెత్తి.

పదిహేడు గడ్డాలూ ఎందుకు తిరిగొచ్చాయో అప్పుడు తెలిసింది. వీళ్ళ పరువు కోసం హెక్టర్ ఊరందరి చేతా తిక్కవాడనిపించుకున్నాడు. రేపు సినిమా డండీకొస్తే ముందు వరసలో ఎవరు కూర్చుంటారో తెలుసు కనకనే రాజ్యం వదులుకుంటున్నాడు. నాకు సిగ్గేసింది. అతని మీద ప్రేమ కూడా పుట్టుకొచ్చింది. అటకెక్కి కత్తెర తీశాను.

ఆదివారమంతా కూర్చుని రాజుగారి మీసం మొత్తం ఊడబీకాను. కింది పెదవి దగ్గర కూడా బోడి చేశాను. చెవి నుంచి చెవి దాకా, గడ్డం కింద నుంచి బొడ్డు దాకా మాత్రం జలపాతంలా వదిలాను. మా తీరంలో పాత జాలర్లు అలాగే పెంచేవారు. ఆ తర్వాత అద్దం ముందు కూర్చుని ఇంకో పని కూడా చేశాను.

సోమవారం పొద్దున్నే వాళ్ళింటి తలుపు కొట్టాను. హెక్టర్ తలుపు తీసి, పెట్టె చూసి, "కిడ్, నాకు జిగురు..." అని మొదలుపెట్టాడు.

"పై పెదవికి కదా పడనిది? ఒక్క చుక్క తగలదు. పెట్టి చూడు."

పెట్టుకున్నాడు. అద్దం ముందు నోరు తెరిచాడు, మూశాడు, రాజుగారి మాటొకటి గొంతు లేకుండా అన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? జాలర్ల గడ్డం."

"మరి నీ మీసమేదిరా?"

"ఈ మధ్య నాకూ సూపు తాగేటప్పుడు అడ్డమొస్తోంది" అన్నాను. హెక్టర్ దగ్గరికొచ్చాడు. నా భుజం మీద చెయ్యేసి గట్టిగా నొక్కాడు. మధ్యాహ్నానికి ఫోటో తపాలాలో పడింది.

రాజుకి మీసమేదని ప్రెంటిస్ తంతి ఇచ్చాడు. రాజవంశంలో తుమ్ముల జబ్బుందని నేను జవాబిచ్చాను. ఫోటోలో ఆ మొహం చూశాక ఆయనకీ వేరే రాజు కంటికి ఆనలేదు. వేషం హెక్టర్‌కే ఖాయమైంది.

ఏడాది తిరిగాక సినిమా డండీకొచ్చింది. మేమంతా వెళ్ళాం. ముందు రెండు వరసలూ ఎవరివో చెప్పక్కర్లేదు. తెర మీద నా పేరు రెండు క్షణాలు పడింది, నేను మూడుసార్లు చదువుకున్నాను. సగం సినిమా బాగానే నడిచింది. సరిగ్గా రాజుగారి కొలువులో, తిరగబడ్డ తమ్ముణ్ణి తెచ్చి నిలబెట్టినప్పుడు, శబ్దం టక్కున ఆగిపోయింది. బొమ్మ నడుస్తోంది, మాట లేదు. హాలంతా ఈలలు, కాళ్ళ చప్పుళ్ళు, కేకలు.

ముందు రెండు వరసల్లో మాత్రం ముక్కులు చీదుకుంటున్నారు. శబ్దం పోయిందని వాళ్ళకి తెలిస్తే కదా! జెస్ శాలువా అంచుతో కళ్ళు తుడుచుకుంటోంది. ఇంతలో వెనకనుంచి ఎవడో విసిరిన టోపీ లిజ్ వీపుకి తగిలింది. ఆవిడ లేచి వెనక్కి తిరిగి మా అందరినీ చూసింది.

"ఏంటా గోల? రాజుగారు మాట్లాడుతుంటే!"

"వినబడట్లేదమ్మా!" అన్నారు జనం.

"వినబడ్డమేంటి, కళ్ళు లేవా మీకు? తమ్ముణ్ణి క్షమించానంటున్నాడు! అమ్మకిచ్చిన మాటట!"

హాలు చప్పబడిపోయింది. ఆ పైన పది నిమిషాలు మొత్తం సినిమా లిజ్ మూడీయే చెప్పింది, వరసలోని వాళ్ళు కూడా తలో మాటా అందించారు. మధ్యలో గుబురు మీసాలతో ఒక సేనాపతి పరిగెత్తుకొచ్చి ఏదో అన్నాడు. జనం మెడలు సాచారు.

"వీడి సంగతి మాకు తెలీదు. చీపురు" అంది లిజ్.

తెర మీద రాజుగారు సేనాపతిని వదిలేసి మావైపు తిరిగి నోరు చేటంత చేశారు.

"ఏమిటీ! కోట పడిపోయిందా!" అని రెండు వరసలూ ఒక్క గొంతుతో అరిచాయి. హాలంతా చప్పట్లతో మారుమోగింది. నా పక్కన లోరిమర్ గారు కుర్చీలో జారగిలబడి, "ఆరి నీ మొండితనం తగలెయ్యా" అని హెక్టర్ వీపు మీద ఒక్కటిచ్చారు. హెక్టర్ సిగ్గుపడుతూ కూర్చున్నాడు.

బయటికొస్తుంటే లిజ్ ఆపి, "ఆ గడ్డం బాగా కుదిరింది. ఎవడు చేశాడో!" అంది.

"నేనే" అన్నాను.

వేళ్ళతో ఏదీ ఎత్తకుండానే ఆవిడకి మొదటిసారే తెలిసింది. నా మూతిని కాసేపు పరకాయించి చూసింది.

"ఇన్నాళ్ళకి నీ నోరు కనబడిందయ్యా కిడ్డూ" అంది. "ఏమంత బాలేదు గాని, కనబడింది."