పేరు కొడితే కనిపించని బామ్మర్ది

మా బామ్మర్ది చనిపోయాడు. గోవాలో పొద్దున ప్రాక్టీసులో పరుగెత్తుతూ పడిపోయాడని, గుండె ఆగిపోయిందని క్లబ్బు వాళ్లు ఫోన్ చేసినప్పుడు నేను కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు కోసం నిలబడి ఉన్నాను. బస్సొస్తే ఎక్కి టికెట్ కూడా తీసుకున్నాను. అత్తమ్మకు ఏమని చెప్పాలో మాత్రం ఊరొచ్చేదాకా తోచలేదు.

అతని పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరు ఫోన్‌లో వెతుకుతారు. ముందు అదే పేరున్న క్రికెటర్ వస్తాడు, తర్వాత సీరియల్ హీరో, ఆ తర్వాత వంటల వీడియోలు చేసే ఒకాయన. ఫుట్‌బాల్ డిఫెండరైన మావాడు కనిపించాలంటే బొటనవేలు నొప్పి పుట్టాలి. వంటాయన కన్నా కూడా కిందనా అని నేను ఆటపట్టిస్తే నవ్వేవాడు.

"గోల్ కొట్టినోని పేరు రాస్తరు బావా. ఆపినోనిది ఎవలు రాస్తరు? నా పేరు వినవడలేదంటె ఆ రోజు మంచిగ ఆడిన్నట్టే" అనేవాడు.

సెలవుకు వస్తే అత్తమ్మ పక్కన కూర్చుని బీడీలకు దారం చుట్టేవాడు. ఆమెకు ఆట తెలియదు, కొడుకు టీవీలో వస్తాడని మాత్రం గొప్ప. అందుకే దశదినకర్మకు బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టాలని, ఆట బట్టల్లో ఉన్న ఫోటోనే పెట్టాలని పట్టుబట్టింది. గల్లీ లీడర్లకే కడుతుంటే తన కొడుక్కు కట్టరా అని ఏడ్చింది.

కామారెడ్డి ఫ్లెక్సీ షాపతనికి పేరు, ఊరు చెప్పి, క్లబ్బు ఫోటోలు రాగానే పంపిస్తానన్నాను. అతను ఆగలేదు. ఆటగాడే కదా అని ఫోన్‌లో మొదట వచ్చిన ఫోటో అచ్చేసి, రాత్రికి రాత్రే తన మనుషులతో కట్టించేశాడు. తెల్లారేసరికి ఎల్లారెడ్డిలో బతికున్న క్రికెటర్‌కు మేం శ్రద్ధాంజలి ఘటించాం. జనం గుమిగూడారు. అయ్యో, ఎప్పుడు పోయాడని వాళ్లు నొచ్చుకుంటుంటే నాకు ఒళ్లు మండింది. మావాడికి దక్కాల్సిన ఆ కాస్త అయ్యో కూడా వేరేవాడికి పోయింది.

అంతలో అత్తమ్మ పూలదండతో వచ్చింది. కళ్లు చిట్లించి ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది.

"నా కొడుకేడి బిడ్డా?" అంది.

ఆ ఫ్లెక్సీ చింపి, కామారెడ్డికి పరుగెత్తాను. క్లబ్బు వాళ్ల ఫోటోలు వచ్చాయి కానీ ప్రతి దాంట్లోనూ గోల్ కొట్టడానికి వచ్చే అవతలివాడి ముఖమే ఉంది. మావాడు అడ్డం పడుతూనో, పక్కకు ఒరిగిపోతూనో ఉన్నాడు. ఒక్క దాంట్లో నిండుగా ఉన్నాడు, అదీ వెనక నుంచి. ఇంట్లో ఉన్న మా పెళ్లి ఫోటోలోంచి అతని ముఖం తీసి పెడదామని అత్తమ్మను ఫోన్లో బతిమాలాను. ఆ వెనక నుంచి తీసిన ఫోటో ఫోన్‌కు పంపించుకుని చూసి, ఆమె ఒప్పుకోలేదు.

"ఇదే వెట్టు. ఈ ఈపు నాకెర్క లేదా? నేనే నూనె రాసి నలుగు వెట్టిన."

సాయంత్రానికి కొత్త ఫ్లెక్సీ కట్టాం. ఈసారి ఎవరూ ఆగలేదు. ఆటోలు నిండాయి, బస్సులు వెళ్లిపోయాయి. అత్తమ్మ దండ వేసి, కొడుకు వీపును చేత్తో నిమిరింది. తర్వాత ఫ్లెక్సీ కట్టిన కర్రలు పట్టుకుంటూ మెల్లగా దాని వెనక్కి నడిచింది. నేనూ వెళ్లాను. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి గుడ్డను ఆమె రెండు చేతులతో తడుముతోంది.