మూసాపేటల పెండ్లి

పొలం ప్లాట్లకు అమ్మినప్పటి సంది మా బాపుకు నిద్ర లేదు, మాట లేదు. ఇయ్యాల ఎర్రగడ్డ ఆసుపత్రికి తీస్కవోయిన. మా మేడ్చల్ల ఎర్రగడ్డ అంటె పిచ్చోళ్లు పొయ్యే జాగ. అందుకే ఎవ్వలకు జెప్పలే.

బస్సెక్కంగనే మా గల్లీ యాదిరెడ్డి కాక, చిన్నమ్మ కనవడ్డరు. "యాడికి రా?" అన్నడు కాక. "ఎస్సార్ నగర్ల సుట్టాలింటికి" అన్న. వాళ్లేమో మూసాపేటల పెండ్లికట. చిన్నమ్మ పాత చీర మీద పెండ్లికి పోవుడేందో అనుకున్న గని అడుగలే.

వాళ్లు మూసాపేటల దిగిండ్రు. బస్సుల ఇంకెవ్వలన్న మా ఊరోళ్లు సూస్తరేమోనని మేం ఎర్రగడ్డ దాటినంక దిగి, ఎండల ఎనుకకు నడిచినం. ఆసుపత్రి గేటు కాడికి వొయ్యేసరికి, అటు దిక్కు నుంచి చెమటలు తుడుసుకుంట కాక, చిన్నమ్మ వస్తున్నరు. నలుగురం ఆన్నే నిలవడ్డం. నా మొఖం యాడ వెట్టుకోవాల్నో తెల్వలే.

గప్పుడు మా బాపు, నెలల సంది నోరిప్పని మనిషి, అన్నడు: "ఏంది యాదీ, పెండ్లి ఈన్నేనా?"

కాక పక్కున నవ్విండు. "మీ సుట్టాలు గూడ ఈన్నే ఉన్నరా అన్నా?"

చిన్నమ్మకు ఊకె ఏడుపొస్తదట, ఇంట్ల ఎవ్వలకు చెప్పకుంట తోలుకొచ్చిండట. లైన్ల పక్కపక్కన కూసున్నం. బాపు, కాక పాత ముచ్చట్లు వెట్టిండ్రు. డాక్టర్ దగ్గరికి పోకముందే సగం మందు వడ్డట్టు అనిపించింది నాకు.

వచ్చేటప్పుడు నలుగురం ఎర్రగడ్డ స్టాపులనే బస్సెక్కినం. మీరైతె పొయ్యేటప్పుడు ఏ స్టాపుల దిగుతుంటిరి? నిజం జెప్పుండ్రి.